వేబ్రిడ్జి కార్డు డ్రైవరును కర్నెల్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రైస్ మిల్లుల్లో వేబ్రిడ్జి కంప్యూటర్లను అమర్చి, వాటి బాగోగులు చూసుకోవడం నా పని. నల్లగొండలో పాలిటెక్నిక్ చదివాను. ఈ మిల్లుల్లో చాలాచోట్ల నాలుగు సీరియల్ పోర్టులున్న ఒక పీసీఐ కార్డు ఉంది. తూకం చూపే ఇండికేటర్లను, వడ్ల తేమ కొలిచే యంత్రాన్ని దానికే కలుపుతాము. ఆ కార్డు తయారుచేసిన సంస్థ ఇప్పుడు లేదు. వారు సీడీలో ఇచ్చిన లినక్స్ డ్రైవరు సోర్సు కోడు మాత్రం నా దగ్గర ఉంది. ఉబుంటు లినక్స్‌లోని కర్నెల్ (కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రాము) మారినప్పుడల్లా అది కంపైల్ కాకుండా ఆగిపోతుంది, నేను కూర్చుని సరిచేస్తాను. పోయిన యాసంగిలో సరిగ్గా వడ్లు వచ్చే రోజుల్లోనే ఇలా జరిగి, ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరాయి. అప్‌డేట్లను పూర్తిగా ఆపేయమని ఒక మిత్రుడు, డ్రైవరును లినక్స్ కర్నెల్‌లోనే చేర్పించమని మరొక మిత్రుడు అంటున్నారు. చేర్పిస్తే జీవితాంతం దాని బాధ్యత నాదేనా? నా ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. ఏం చేయమంటారు?
(ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

సమాధానం:

మీ రెండో మిత్రుడు చెప్పిందే సరైన దారి. ఆ కార్డుకు కావలసినదంతా లినక్స్ కర్నెల్ సోర్సులోనే ఉండాలి, మీ పెన్‌డ్రైవులో కాదు. అయితే సీడీలో వచ్చిన కోడును ఉన్నదున్నట్టుగా తీసుకుపోయి అప్పగించే ప్రయత్నం మాత్రం చేయకండి. ఆ కార్డుకు అసలు విడిగా ఒక డ్రైవరు అవసరమా అన్న సంగతిని ముందు తేల్చుకోవాలి. ఇలాంటి కార్డుల విషయంలో నేను చూసినంతవరకు, తయారీదారు ఇచ్చిన పెద్ద డ్రైవరులో కర్నెల్‌కు అంతకుముందే తెలియని విషయం కొద్ది పంక్తులకు మించి ఉండటం అరుదు. మిగిలినదంతా కర్నెల్‌లో ఎప్పటినుంచో ఉన్న పనిని మళ్లీ మొదటినుంచి రాసుకోవడమే.

ప్రతిసారీ అది ఎందుకు ఆగిపోతుందో ముందు చూద్దాం, ఎందుకంటే మీ మొదటి మిత్రుడి సలహాకు కూడా జవాబు అందులోనే ఉంది. కర్నెల్ తన మీద నడిచే ప్రోగ్రాములకు ఒక మాట ఇచ్చింది. తూకం చీటీ ముద్రించే మీ ప్రోగ్రాము ఈరోజు నడుస్తున్నదంటే, కర్నెల్ మారిన తర్వాత కూడా నడవాలి. నడవకపోతే ఆ తప్పు కర్నెల్‌దే అవుతుంది, ఈ విషయంలో లినక్స్‌ను సృష్టించిన లినస్ టోర్వాల్డ్స్ ఎవరినీ ఉపేక్షించరు. కర్నెల్ లోపల పనిచేసే డ్రైవర్లకు మాత్రం అలాంటి మాట ఏదీ లేదు. ఇది తెలిసి తీసుకున్న నిర్ణయమే. దీని గురించి, కర్నెల్ బాధ్యతలు చూసే ముఖ్యుల్లో ఒకరైన గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ రాసిన వివరణ కర్నెల్ డాక్యుమెంటేషన్‌లో చాలా ఏళ్లుగా ఉంది. లోపలి ఫంక్షన్ ఒకటి బాగాలేదని తేలితే దాన్ని మార్చేస్తారు, మార్చినవారే దాన్ని వాడుతున్న డ్రైవర్లన్నిటినీ వెతికి పట్టుకుని సరిచేస్తారు. సోర్సులో లేని డ్రైవరు ఒకటి మిర్యాలగూడలో నడుస్తున్నదన్న సంగతి వారికి తెలిసే అవకాశమే లేదు. సాగర్ ఎడమ కాలువ మీద తూము మారిస్తే ఆయకట్టులోని పొలాలకు పిల్లకాలువలను కూడా మార్చి ఇస్తారు, ఆయకట్టుకు అవతల మోటారుతో నీళ్లు ఎత్తుకుంటున్న రైతు మాత్రం తన పైపులను తానే మార్చుకోవాలి. మీ డ్రైవరు ఇప్పుడున్నది ఆ అవతలి పొలంలో.

మీకు తగిలిన దెబ్బలు ఏవై ఉంటాయో ఇక్కడినుంచే కొంత చెప్పగలను. 2021లో వచ్చిన 5.15 కర్నెల్‌లో, టీటీవై (కర్నెల్‌లో సీరియల్ పోర్టుల వంటివాటిని చూసే భాగం) డ్రైవరును నమోదు చేసే ముందు దాన్ని సృష్టించుకునేందుకు పాత డ్రైవర్లు వాడే ఫంక్షన్‌ను తీసేశారు. ఉబుంటు 20.04లోని 5.4 కర్నెల్ నుంచి 22.04లోని 5.15కు మారినప్పుడు చాలా సీడీ డ్రైవర్లు ఆగిపోయింది ఇక్కడే. 2022 డిసెంబరులో వచ్చిన 6.1లో, పోర్టు వేగాన్నీ బిట్లనూ మార్చే ఫంక్షన్‌లోని ఒక ఆర్గ్యుమెంటుకు ‘కాన్‌స్ట్’ (దీన్ని మార్చకూడదన్న గుర్తు) చేరింది. 2023 అక్టోబరులో వచ్చిన 6.6లో, అక్షరాలను పంపే ఫంక్షన్ తీసుకునే డేటా రకాలు, తిరిగి ఇచ్చే డేటా రకం మారిపోయాయి. 2024 జులైలో వచ్చిన 6.10లో, పంపవలసిన అక్షరాలు నిలవ ఉండే బఫరు స్వరూపమే మారి కేఫిఫో అనే వరుస పద్ధతి వచ్చింది. పైగా ఉబుంటు 22.04 డెస్క్‌టాప్‌లో సాధారణంగా ఉండే హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేరు కోసం ఇచ్చే) కర్నెల్ 5.15 దగ్గర ఆగదు. అది 5.19, 6.2, 6.5, 6.8 అంటూ దానంతటదే ముందుకు పోతుంది. కాబట్టి మీరు ఉబుంటు వెర్షన్‌ను ముట్టుకోకపోయినా 6.2 వచ్చినప్పుడు ఒకసారి, 6.8 వచ్చినప్పుడు మరొకసారి కంపైల్ ఆగిపోయి ఉంటుంది. ఈ మార్పులు జరిగినప్పుడు కర్నెల్ సోర్సులో ఉన్న సీరియల్ డ్రైవర్లను ఆ మార్పు తెచ్చినవారే సరిచేశారు, వాటి బాధ్యత చూసుకునే మెయింటెయినర్లలో చాలామందికి కొత్తగా ఒక్క పంక్తి రాయవలసిన అవసరం కూడా కలగలేదు.

బయటి డ్రైవరుతో ఇంకా రెండు చిక్కులున్నాయి. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడును నడవనివ్వని రక్షణ) ఉన్న కంప్యూటరులో మీరు కంపైల్ చేసిన మాడ్యూల్‌కు (కర్నెల్‌లోకి ఎక్కించే డ్రైవరు ఫైలుకు) మీరే తాళపుచెవి తయారుచేసి, సంతకం చేసి, దాన్ని ఆ కంప్యూటరులో నమోదు చేయాలి. అలాగే బయటి మాడ్యూల్ ఎక్కగానే కర్నెల్ తన మీద ఒక గుర్తు వేసుకుంటుంది. ఆ తర్వాత మీరు వేరే ఏ లోపం గురించి ఫిర్యాదు చేసినా, ముందు ఆ మాడ్యూల్ లేకుండా చూడమని అడుగుతారు.

అప్‌డేట్లను పూర్తిగా ఆపేయమన్న సలహాను నేను ఒప్పుకోను. మిల్లు కంప్యూటరు ఇప్పుడు ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్న పెట్టె కాదు. బిల్లులు, బ్యాంకు పనులు, వాట్సాప్ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. కాని సీజన్ నడుస్తున్నప్పుడు కర్నెల్ ఒక్కదాన్ని కదలకుండా పట్టి ఉంచడంలో తప్పు లేదు. ఏపీటీ-మార్క్ హోల్డ్ ఆదేశంతో కర్నెల్ ప్యాకేజీలను నిలిపి ఉంచి, మిగతా అప్‌డేట్లను రానివ్వండి. వడ్ల రాక తగ్గగానే ఆ పట్టును వదిలేయండి. ఇంతకంటే మంచి ఏర్పాటు కూడా ఒకటుంది: 22.04 ఉన్న కంప్యూటర్లలో హెచ్‌డబ్ల్యూఈ ప్యాకేజీని తీసేసి, లినక్స్-జెనెరిక్ అనే ప్యాకేజీని పెడితే కర్నెల్ 5.15 మీదే నిలిచి, భద్రతా సవరణలను మాత్రం 2027 వరకు తెచ్చుకుంటుంది. పని ప్రశాంతంగా చేసుకోవడానికి మీకు అంత సమయం చాలు.

ఇక కార్డు సంగతి. సీరియల్ పోర్టును నడిపే చిప్పును యూఆర్ట్ అంటారని మీకు తెలుసు. 1981 నాటి ఐబీఎం పీసీలో వాడిన 8250 చిప్పు, ఆ తర్వాత వచ్చిన 16550 చిప్పుల పద్ధతినే ఇప్పటికీ చాలా పీసీఐ సీరియల్ కార్డులు పాటిస్తాయి. ఆ కుటుంబం మొత్తానికి కర్నెల్‌లో ఒకే డ్రైవరు ఉంది, దాని పేరు కూడా 8250యే. అందులోని పీసీఐ భాగంలో ఒక పెద్ద పట్టిక ఉంటుంది. ఏ తయారీదారు సంఖ్య, ఏ పరికర సంఖ్య ఉన్న కార్డు కనిపిస్తే దానికి ఎన్ని పోర్టులున్నట్టు, అవి ఎక్కడ మొదలవుతున్నట్టు, మూల వేగం (దేన్ని భాగించి పోర్టు వేగాన్ని రాబడతారో ఆ సంఖ్య) ఎంత అయినట్టు అన్నవే ఆ పట్టికలోని వివరాలు. ఉదాహరణకు, సున్నా సంఖ్య గల చిరునామా ప్రాంతంలో 4 పోర్టులు, 921600 మూల వేగం అన్న అమరిక అందులో ఇప్పటికే పేరు పెట్టుకుని ఉంది. మీ కార్డు అలాంటిదే అయితే, దానికి కావలసిన ‘డ్రైవరు’ ఆ పట్టికలో ఒక్క వరుస.

ఇది తేల్చుకోవడానికి మిల్లుకు పోనక్కరలేదు. కార్డు ఒకటి ఇంటికి తెచ్చుకుని, పీసీఐ స్లాటు ఉన్న పాత కంప్యూటరులో పెట్టండి. ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని సంఖ్యలు కూడా చూపే విధంగా నడిపితే, తయారీదారు సంఖ్య, పరికర సంఖ్య, ఉప-తయారీదారు సంఖ్య, తరగతి సంఖ్య కనిపిస్తాయి. తరగతి 0700 అని ఉంటే సాధారణ సీరియల్ కంట్రోలరు, 0702 అని ఉంటే ఎక్కువ పోర్టులున్న సీరియల్ కంట్రోలరు. ఈ రెంటిలో ఏదో ఒకటైతే 8250 డ్రైవరు తనంతట తానే కార్డును పోల్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. 0780 వంటి వేరే తరగతి కనిపిస్తే అది పట్టించుకోకుండా వదిలేస్తుంది, అప్పుడే పట్టికలో వరుస అవసరమవుతుంది. తర్వాత సీడీ డ్రైవరు సోర్సును తెరిచి, దానిలో రిజిస్టర్లను చదివే, రాసే భాగాన్ని చూడండి. 16550 రిజిస్టర్లు తప్ప ఇంకేవీ ముట్టుకోవడం లేదంటే మీ సమస్య చాలావరకు తీరినట్టే. కార్డును మొదలుపెట్టేటప్పుడు ప్రత్యేకమైన రిజిస్టరు ఏదైనా ఒకసారి రాస్తున్నట్టయితే, దానికి కూడా 8250లోనే ‘సెటప్’ ఫంక్షన్ అనే చోటు ఉంది.

ఇక్కడ ఎక్కువమంది దారి తప్పేది మూల వేగం దగ్గర. కార్డు మీద సన్నని లోహపు డబ్బా ఆకారంలో ఒక క్రిస్టల్ ఉంటుంది. దాని మీద ముద్రించిన సంఖ్యను టార్చిలైటు వేసి చదవండి. 1.8432 మెగాహెర్ట్జ్ అని ఉంటే, దాన్ని 16తో భాగించగా వచ్చే 115200 మూల వేగం. 14.7456 అని ఉంటే 921600. ఇప్పుడు అసలు మూల వేగం 921600 అయిన కార్డును డ్రైవరు 115200 అనుకుంటే ఏమవుతుందో చూడండి. ఇండికేటరు 9600 వేగంతో తూకాన్ని పంపుతున్నదని మీరు పోర్టుకు 9600 పెడతారు. డ్రైవరు 115200ను 9600తో భాగించి, 12 అనే భాజకాన్ని చిప్పులో రాస్తుంది. చిప్పు 921600ను 12తో భాగించుకుని 76800 వేగంతో వినడం మొదలుపెడుతుంది. పోర్టు కనిపిస్తుంది, తెరుచుకుంటుంది, ఏదో వస్తూనే ఉంటుంది, కాని తూకం ఉండవలసిన చోట పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. కేబులు పోయిందనో, ఇండికేటరు పాడయిందనో అనుకుని రోజంతా వాటి చుట్టూ తిరిగినవారు ఉన్నారు. కొన్ని చిప్పులు క్రిస్టల్ వేగాన్ని లోపలే మరొకసారి భాగించుకుంటాయి కాబట్టి, ముద్రించిన సంఖ్యను సీడీ కోడులో రాసిన సంఖ్యతో పోల్చి చూసుకోండి.

పరీక్ష చేసే పద్ధతి కూడా సులువైనదే. సీడీ డ్రైవరును దించేసి, 8250 పీసీఐ డ్రైవరుకు సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కర్నెల్ వివరాలను ఫైళ్లుగా చూపే చోట) ఉన్న ‘న్యూ ఐడీ’ అనే ఫైలులో మీ కార్డు సంఖ్యలను రాస్తే, కర్నెల్‌ను మళ్లీ కంపైల్ చేయకుండానే ఆ డ్రైవరును కార్డు మీద ప్రయత్నించి చూడవచ్చు. అది పట్టుకోకపోతే పట్టికలో వరుస చేర్చి కంపైల్ చేయాలి. పోర్టులు వచ్చిన తర్వాత తొమ్మిది పిన్నుల కనెక్టరులో 2వ, 3వ పిన్నులను చిన్న తీగతో కలిపి, మినికామ్ అనే సీరియల్ టెర్మినల్ ప్రోగ్రాములో టైపు చేసిన అక్షరాలు తిరిగి వస్తున్నాయో లేదో నాలుగు పోర్టులకూ చూడండి. అయితే ఈ పరీక్షలో పంపేదీ వినేదీ ఒకే చిప్పు కాబట్టి మూల వేగం తప్పైనా అక్షరాలు సరిగ్గానే వస్తాయి. అందుకే చివరికి ఇండికేటరును కలిపి చూడక తప్పదు. మిల్లులో తవుడు దుమ్ము కనెక్టర్లలో చేరి పోర్టు పనిచేయనట్టు కనిపించడం మామూలే కాబట్టి, ఇంటి దగ్గర శుభ్రమైన కేబులుతోనే ఈ పని ముగించుకోండి. నాలుగు పోర్టుల్లో కొన్నే కనిపిస్తే, కర్నెల్ ముందుగా కేటాయించుకునే 8250 పోర్టుల సంఖ్య తక్కువగా ఉందేమో చూడండి. ఎవరూ మార్చకపోతే ఆ సంఖ్య 4, మదర్‌బోర్డు పోర్టులు కూడా అందులోకే వస్తాయి. బూట్ సమయంలో ఇచ్చే పారామీటరుతో దాన్ని పెంచుకోవచ్చు.

ఒక్క వరుసతో పని జరిగితే, దాన్ని ప్యాచ్‌గా (సోర్సులో చేసిన మార్పును చూపే ఫైలుగా) పంపడానికి వెనకాడకండి. కొత్త పరికర సంఖ్యలను చేర్చే చిన్న ప్యాచ్‌లను స్థిర కర్నెళ్లలోకి (విడుదలయ్యాక సవరణలు మాత్రమే పొందేవాటిలోకి) కూడా తీసుకోవచ్చని కర్నెల్ నియమాల్లోనే ఉంది. ముందు లినస్ నడిపే ప్రధాన సోర్సులోకి (లినస్ ట్రీలోకి) పోవాలి, అక్కడినుంచి పాత స్థిర కర్నెళ్లకు, వాటినుంచి ఉబుంటు, డెబియన్ వంటి పంపిణీలకు చేరుతుంది. అంటే మీ మిల్లుల్లో ఇప్పుడు నడుస్తున్న కర్నెళ్లకే ఒక మామూలు అప్‌డేట్‌లో మీ కార్డు చేరే అవకాశం ఉంది. ఇంకా ముఖ్యంగా, ఒక వరుస కోసం మీరు మెయింటెయినర్ కానక్కరలేదు. సీరియల్ విభాగాన్ని చూసుకునేవారు ఆ పట్టికనంతా చూసుకుంటారు.

పంపే ముందు లైసెన్సును చూసుకోండి. సీడీ కోడు పైభాగంలో జీపీఎల్ (కర్నెల్ వాడే స్వేచ్ఛా లైసెన్సు) అని స్పష్టంగా లేకపోతే ఆ కోడులో ఒక్క పంక్తినీ కాపీ చేయవద్దు. కార్డు సంఖ్యలు, క్రిస్టల్ వేగం వంటివి మీరు కార్డును చూసి స్వయంగా తెలుసుకున్న వాస్తవాలు కాబట్టి వాటిని మీ సొంత ప్యాచ్‌లో రాయడానికి ఇబ్బంది లేదు. ప్యాచ్ చివర మీ అసలు పేరు, ఈమెయిలుతో రాసే ‘సైన్డ్-ఆఫ్-బై’ పంక్తి ఉత్తి మర్యాద కాదు. ఈ కోడును ఇచ్చే హక్కు నాకుందని మీరు ఇస్తున్న ధ్రువీకరణ అది. 2004 నుంచి ఈ పద్ధతి నడుస్తున్నది.

మీ ఇంగ్లీషు గురించి దిగులు పడకండి. ప్యాచ్ వివరణలో మూడు సంగతులు ఉంటే చాలు: ఈ కార్డు ఇప్పుడు ఎందుకు గుర్తింపు పొందడం లేదు, ఈ ప్యాచ్ ఏం చేర్చింది, దేని మీద ఎలా పరీక్షించారు. చిన్న చిన్న వాక్యాలు చాలు, ఎల్‌ఎస్‌పీసీఐ చూపిన సంఖ్యలను కూడా కలపండి. మెయింటెయినర్లలో చాలామందికి కూడా ఇంగ్లీషు మాతృభాష కాదు. వారు చూసేది సరైన వివరాలు ఉన్నాయా అని. దానికంటే మెయిల్ పంపే తీరు దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం. బ్రౌజరులో జీమెయిల్ తెరిచి ప్యాచ్‌ను అతికిస్తే ట్యాబులు స్పేసులుగా మారిపోయి ఆ ప్యాచ్ ఎవరి దగ్గరా అతకదు. ప్యాచ్‌లను మెయిల్‌గా పంపే గిట్ సెండ్-ఈమెయిల్‌ను అమర్చుకుని, ముందు మీకే పంపుకుని, వచ్చినదాన్ని తిరిగి అతికించి చూసుకోండి. కర్నెల్ సోర్సుతో వచ్చే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు చూపిన తప్పులను దిద్దండి, ఎవరికి పంపాలో గెట్-మెయింటెయినర్ స్క్రిప్టు చెబుతుంది. సీరియల్ ప్యాచ్‌లను తీసుకునే గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్‌కు రోజూ వచ్చే మెయిళ్లు లెక్కలేనన్ని కాబట్టి, ఒక్కోసారి ఆయన బాట్ (దానంతటదే జవాబిచ్చే ప్రోగ్రాము) నుంచి పొడిగా జవాబు రావచ్చు. అది మీ మీద కోపం కాదు. చెప్పిన లోపం సరిచేసి, రెండో వెర్షన్ అని రాసి, ఏం మార్చారో మూడు గీతల కింద చెప్పి మళ్లీ పంపండి. రెండు మూడు వారాలు చూసి జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయవచ్చు. కొత్త కర్నెల్ విడుదలైన వెంటనే రెండు వారాల పాటు మెర్జ్ విండో (తర్వాతి కర్నెల్‌లో కొత్త మార్పులను చేర్చే సమయం) ఉంటుంది, ఆ సమయంలో మాత్రం కొత్త ప్యాచ్‌ల వైపు చూసే తీరిక వారికి ఉండదు.

ఇప్పుడు రెండో సందర్భం. మీ కార్డులోని చిప్పు 16550 పద్ధతికి పూర్తిగా వేరు అని, దానికి విడిగా డ్రైవరు ఉండవలసిందేనని తేలిందనుకుందాం. అప్పుడు మీ పేరు మెయింటెయినర్స్ అనే ఫైలులోకి ఎక్కుతుంది, మీ భయం కూడా అప్పుడే అర్థవంతమవుతుంది. ఆ ఫైలులో ప్రతి భాగానికి ఒక స్థితి రాసి ఉంటుంది. జీతం తీసుకుని చూసుకునేవారు ఉంటే ‘సపోర్టెడ్’ అని, ఒకరు నిజంగా చూసుకుంటుంటే ‘మెయింటెయిన్డ్’ అని, చేతనైనప్పుడు ఏదో ఒకటి సరిచేసేవారు ఉంటే ‘ఆడ్ ఫిక్సెస్’ అని, ఎవరూ లేకపోతే ‘ఆర్ఫన్’ అని రాస్తారు. మీరు మొదటిరోజు నుంచే ‘ఆడ్ ఫిక్సెస్’ అని రాసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. జీవితాంతం బంధించే పత్రం ఏదీ లేదు. వదులుకోవాలనుకున్నప్పుడు ఆ వరుసను మార్చే ప్యాచ్ ఒకటి పంపి తప్పుకోవచ్చు. ఫ్లాపీ డ్రైవరును 2019లో స్వయంగా లినసే ‘ఆర్ఫన్’ అని గుర్తించారు, పనిచేసే ఫ్లాపీ పరికరాలు దొరకడమే కష్టమవుతోందన్నది అందుకు ఒక కారణం. కొంతకాలానికి మరొకరు ముందుకు వచ్చి దాన్ని తీసుకున్నారు. చెప్పకుండా మాయమవడమే అసలైన నష్టం. ఎందుకంటే పేరు ఉన్నంతకాలం మిగతావారు మీ జవాబు కోసం ఆగుతారు, ఎవరో ఒకరు చూసుకుంటున్నారన్న నమ్మకంతో కొత్తవారు కూడా ముందుకు రారు.

చిన్న డ్రైవరు మెయింటెయినరుకు కొత్త కోడు రాసే పని తక్కువ. ఎక్కువ భాగం చదవడమే. ఎవరో వందల డ్రైవర్లలో ఒకే రకమైన మార్పును యంత్రంతో చేసి పంపుతారు, అందులో మీ డ్రైవరుకు సంబంధించిన నాలుగు పంక్తులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఒప్పుకుంటున్నానని ‘ఆక్డ్-బై’ అనో, పరిశీలించానని ‘రివ్యూడ్-బై’ అనో రాయాలి. మీ డ్రైవరు ఏదో ఒక అమరికతో కంపైల్ కాకపోతే ఇంటెల్ నడిపే కర్నెల్ టెస్ట్ రోబో నుంచి మెయిల్ వస్తుంది. ఏదైనా మార్పు వల్ల నిన్నటిదాకా పనిచేసిన కార్డు ఆగిపోయిందని ఒక వాడుకరి రాస్తే, దాన్ని అన్నిటికంటే ముందు పట్టించుకోవాలి. తొందరగా సరిచేయలేకపోతే ఆ మార్పునే వెనక్కి తీసుకోవాలి. దానికి తోడు ‘ఫిక్సెస్’ పంక్తిలో ఏ మార్పు వల్ల చెడిందో రాస్తే స్థిర కర్నెళ్లను చూసేవారికి ఆ సవరణ ఎక్కడిదాకా పోవాలో తెలుస్తుంది. ఇలాంటి చిన్న డ్రైవరుకు నెలల తరబడి ఒక్క మెయిల్ రాకపోవడం కూడా మామూలే.

ఈ పనిలో మీ దగ్గర మాత్రమే ఉండి, ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండకపోయే వస్తువు ఆ కార్డు. నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది దీని గురించే. కోడు చదవగలిగినవారు వేలమంది ఉన్నారు, కాని పరికరం చేతిలో లేకుండా చేసిన సవరణ సరైనదో కాదో వారెవరూ చెప్పలేరు. కంపైల్ అవుతూనే ఉండి, ఎవరూ నిజంగా నడిపి చూడని డ్రైవర్లు ఉంటాయి. కొన్నాళ్లకు అవి పనిచేయడం మానేసినా ఎవరికీ తెలియదు, చివరికి ఇది ఎవరికైనా కావాలా అని ఎవరో అడుగుతారు. జవాబు రాకపోతే తీసేస్తారు. 386 ప్రాసెసరుకు మద్దతు 3.8 కర్నెల్‌లో, హార్డ్‌డిస్కుల పాత ఐడీఈ డ్రైవర్లు 5.14లో, ఇంటెల్ ఐటేనియం ప్రాసెసర్లకు మద్దతు 6.7లో ఇలాగే వాడుకరులు తగ్గాక వెళ్లిపోయాయి. కాబట్టి ఒక కార్డును, దానికి సరిపోయే స్లాటు ఉన్న కంప్యూటరును మిల్లులకు ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి. కర్నెల్ విడుదలలు తొమ్మిది పది వారాలకు ఒకసారి వస్తాయి, మెర్జ్ విండో ముగిసిన రోజున వచ్చే ఆర్‌సీ1ను (మొదటి పరీక్షా విడుదలను) ఆ కంప్యూటరులో నడిపి, పిన్నులు కలిపి నాలుగు పోర్టులు చూసి, బాగుంటే మూసేయండి. ఒక సాయంత్రం పని. చెడిందని ఆర్‌సీ దశలో చెప్పగలిగితే సరిచేయడం సులువు. ఏడాది తర్వాత అదే కర్నెల్ ఉబుంటులోకి వచ్చి, ట్రాక్టర్లు నిలబడి ఉన్నప్పుడు బయటపడితే ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు.

మిల్లు యజమానులతో కూడా ఒక మాట స్పష్టంగా చెప్పండి. ఈ కార్డును కొత్త మిల్లులో ఇక పెట్టవద్దు. తయారీదారు లేని పరికరాన్ని కర్నెల్ సోర్సులో చేర్చినా, అది కాలిపోతే ఇంకొకటి దొరకదు. కర్నెల్‌లో ఇప్పటికే డ్రైవరు ఉన్న చిప్పుతో వచ్చే కార్డునో, ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్న యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టరునో పెట్టండి. డ్రైవరును కాపాడుకోవలసింది ఇప్పటికే కార్డులున్న మిల్లుల కోసం. ఆ పనికి మీరు పెట్టే సమయానికి ఏడాదికి ఇంత అని తీసుకోవడం న్యాయమే. యజమానులు ఇప్పటిదాకా మీ మరమ్మతు పనికి డబ్బు ఇస్తూనే ఉన్నారు, అదే డబ్బు ముందుజాగ్రత్తకు ఇమ్మని అడగండి.

ఈ పనినంతా యాసంగి వడ్లు ముగిసిన తర్వాత, వానాకాలం పంట మిల్లుకు రాకముందే పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మీకు ఊపిరి తీసుకునే సమయం ఉంటుంది. మార్పును మొదట ఒక్క మిల్లులో, పాత కంప్యూటరును పక్కనే సిద్ధంగా ఉంచుకుని చేయండి. సీడీ డ్రైవరును డీకేఎంఎస్ (కర్నెల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్లను మళ్లీ కంపైల్ చేసే సాధనం) నుంచి తీసేయడమే కాకుండా బ్లాక్‌లిస్టులో కూడా పెట్టండి, లేకపోతే బూట్ అయినప్పుడు ఏ డ్రైవరు ముందుగా కార్డును పట్టుకుంటుందో చెప్పలేము. సీడీ డ్రైవరు పోర్టులకు పెట్టిన పేర్లు, 8250 పెట్టే పేర్లు వేరుగా ఉంటాయి కాబట్టి తూకం చీటీ ప్రోగ్రాముకు పోర్టు కనిపించకుండా పోవచ్చు. దానికి యూడెవ్ (పరికరాలకు పేర్లు పెట్టే ప్రోగ్రాము) నియమం ఒకటి రాసి, పాత పేరుతోనే ఒక సింబాలిక్ లింకు వచ్చేట్టు చేస్తే ప్రోగ్రామును ముట్టుకోనక్కరలేదు. కార్డు ఏ స్లాటులో ఉందో, ఆ కార్డులో అది ఎన్నో పోర్టో వాటి ఆధారంగా ఆ నియమాన్ని రాయండి, అప్పుడు రెండో వేబ్రిడ్జి తూకం మొదటిదాని చీటీలో పడే ప్రమాదం ఉండదు.